ట్రాక్టరు లాగుతుంది, ట్రక్కు తోస్తుంది

కార్తీక మాసం. రాత్రంతా వాన కురిసింది. తెల్లారేసరికి కాస్త తెరిపి ఇచ్చింది.

ఇందుకూరుపేట మండలంలో సముద్రం దాపున ఒక ఊరు. ఊరి ఆడవాళ్లు నాట్లకు బయలుదేరారు. చేతిలో సద్ది క్యారియర్లు. చంకలో వానకు కప్పుకునే పట్టలు. ముఠాలో మొత్తం 22 మంది.

ట్రాక్టరు వచ్చింది. దాని వెనక ట్రక్కు ఉంది. ట్రక్కులో అప్పటికే నారు కట్టలు నింపి ఉన్నాయి.

"ఎక్కండక్కా, పొద్దు పోతోంది" అన్నాడు డ్రైవరు.

అందరూ నారు కట్టల మీదికి ఎక్కారు. చోటు లేక కొందరు అంచు మీద కూర్చున్నారు. ఇద్దరు పిల్లతల్లులు ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్నారు. రోజూ పోయే దారే. ఎవరికీ భయం లేదు.

కయ్యల్లోకి పోవాలంటే కాలువ కట్ట ఎక్కి దిగాలి. ఎక్కడం బాగానే ఎక్కింది. దిగేటప్పుడు బురదకు ట్రాక్టరు జర్రున జారింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ట్రాక్టరు ఆగబోయింది. ట్రక్కు ఆగలేదు. వెనక నుంచి ట్రాక్టరును తోసింది. ట్రాక్టరు పక్కకు తిరిగింది. ట్రక్కు కట్ట అంచుకు వచ్చేసింది.

అంచున ఒక తుమ్మచెట్టు ఉంది. ట్రక్కు దానికి తగులుకుని ఆగిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ మెల్లగా దిగారు. కింద కాలువ నిండా నీళ్లు పారుతున్నాయి. ఎవరూ మాట్లాడలేదు. నడిచి కయ్యకు పోయారు. ఆ రోజు నాట్లు వేస్తూ ఒక్కరు కూడా పాట ఎత్తుకోలేదు.

సాయంత్రం పొదుపు సంఘం మీటింగు. అప్పుల లెక్క అయిపోయింది. అప్పుడు ముఠా మేస్త్రమ్మ అడిగింది: "ఆ తుమ్మచెట్టు లేకపోతే ఏమయ్యేది?"

డ్రైవరును పిలిపించారు. అతను అదే ఊరి పిల్లవాడు. తల వంచుకుని వచ్చాడు.

ముఠాలో పెద్దామె ఒకామె ఉంది. ఆమె ఇంట్లో వెనకటికి ఎద్దుల బండి ఉండేది. ఆమె అంది: "అబ్బయా, నిన్ను తిట్టడానికి పిలవలేదు. మా ఎద్దులకు తెలుసు, దిగుడులో బండి మీదికి వస్తుందని. అవి కాళ్లు తన్నిపెట్టి, వెనక్కి ఆనుకుని బండిని ఆపేవి. ట్రాక్టరుకు ఆ తెలివి లేదా?"

"దానికి తెలివి లేదు పెద్దమ్మా. నాకు ఉండాలి" అన్నాడు డ్రైవరు. "నాకు తెలిసింది చెబుతాను. మీరూ తెలుసుకోండి."

లాగే బలం

ట్రాక్టరు బలాన్ని హార్స్ పవర్ అని లెక్క కడతారు. అంటే గుర్రాల బలం. ఒక జత ఎద్దుల బలం దాదాపు ఒక హార్స్ పవర్ అనుకోవచ్చు. మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లలో చాలా వాటి బలం 35 నుంచి 50 హార్స్ పవర్ దాకా ఉంటుంది.

అందుకే ఎంత బరువు వేసినా ట్రాక్టరు లాగుతుంది. మనం కూడా "లాగింది కదా, ఇంకో నాలుగు బస్తాలు వేయండి" అంటాం.

ఇక్కడే మోసపోతాం. లాగడం వేరు, ఆపడం వేరు. లాగేది ఇంజను. ఆపేది బ్రేకు. ఇంజను బలం ఎంత ఉన్నా బ్రేకు బలం పెరగదు.

చాలా ట్రాక్టర్లకు బ్రేకులు వెనక పెద్ద చక్రాలకే ఉంటాయి. ముందు చిన్న చక్రాలకు ఉండవు. ఊళ్లలో తిరిగే చాలా ట్రక్కులకు అసలు బ్రేకులే ఉండవు. అంటే ట్రాక్టరు చక్రాలు రెండే ట్రాక్టరునూ ఆపాలి, ట్రక్కునూ ఆపాలి, ట్రక్కులో ఉన్న బరువునూ ఆపాలి.

ఒక లెక్క చూద్దాం. మన నెల్లూరు జిల్లాలో పుట్టి వడ్లు అంటే 850 కిలోలు. ట్రక్కులో 4 పుట్లు వేశారు అనుకుందాం.

4 పుట్ల వడ్లు: 3,400 కిలోలు
ఖాళీ ట్రక్కు: సుమారు 1,500 కిలోలు
మొత్తం: 4,900 కిలోలు

ట్రాక్టరు సొంత బరువు సుమారు 2,000 కిలోలు. అంటే వెనక ఉన్న బరువు ట్రాక్టరుకు దాదాపు రెండున్నర రెట్లు. దూడ మెడకు ఆంబోతును కట్టినట్టు! సాఫు నేల మీద దూడ నడుస్తుంది. దిగుడులో ఆంబోతు తోస్తే దూడ ఏం చేస్తుంది?

ఆపే దూరం

డ్రైవరు ఎదురుగా గేదెను చూశాడు. బ్రేకు మీద కాలు పెట్టడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ ఒక్క సెకనులో బండి ఎంత దూరం పోతుంది?

గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో ఐదున్నర మీటర్లు పోతుంది. అంటే మనం కట్టుకునే ఒక చీర పొడవు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే రెండు చీరల పొడవు పోతుంది. ఇది బ్రేకు తొక్కక ముందు పోయే దూరం మాత్రమే.

బ్రేకు తొక్కాక కూడా బండి కొంత దూరం పోతుంది. వేగం రెండింతలైతే ఈ దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. వెనక బ్రేకు లేని బరువు ఉంటే ఇంకా పెరుగుతుంది. నేల తడిగా ఉంటే మరీ పెరుగుతుంది.

అందుకే బరువు ఉన్న ట్రాక్టరు మెల్లగా పోవాలి. "తొందరగా పోనీయి అబ్బయా" అని మనం అనకూడదు.

పిన్ను

ట్రాక్టరుకు, ట్రక్కుకు మధ్య ఉండేది ఒక్క ఇనుప పిన్ను. ఎద్దుల బండి చక్రానికి చీల ఎట్టాగో, ట్రక్కుకు పిన్ను అట్టాగే. చీల ఊడితే చక్రం పోతుంది. పిన్ను ఊడితే ట్రక్కు దాని దారి అది చూసుకుంటుంది.

పిన్ను సరైన లావు ఉండాలి. అరిగిపోయి ఉండకూడదు. పైకి ఎగిరిపోకుండా కింద క్లిప్పు ఉండాలి. కొందరు క్లిప్పు పోతే మేకు పెడతారు. కొందరు పుల్ల పెడతారు, తీగ చుడతారు. గుంటలో పడి ఎగిరినప్పుడు పుల్ల విరుగుతుంది, పిన్ను లేస్తుంది. పిన్ను పక్కనే ఒక గట్టి గొలుసు కూడా కట్టి ఉంచితే మంచిది. పిన్ను ఊడినా గొలుసు పట్టుకుంటుంది.

ట్రక్కు తగిలించేటప్పుడు ట్రాక్టరు వెనక్కి వస్తుంది. ఆ సమయంలో ట్రాక్టరుకు, ట్రక్కుకు మధ్య ఎవరూ నిలబడకూడదు. ట్రాక్టరు పూర్తిగా ఆగాక, హ్యాండ్ బ్రేకు వేశాక, అప్పుడే పిన్ను వేయాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

బరువు ఎక్కడ వేయాలి?

ఇది పెద్దామెకు బాగా తెలుసు. "బండిలో వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. ఎద్దుల మెడకు ఉరి పడినట్టవుతుంది. ముందు బరువెక్కువైతే కాడి మెడ మీద కూర్చుంటుంది. ఎద్దులు నడవలేవు. సమంగా వేసి, ఒక్క పిసరు ముందుకు బరువు ఉంచాలి" అంది.

"రెండు చక్రాల ట్రక్కుకూ అదే లెక్క పెద్దమ్మా" అన్నాడు డ్రైవరు.

వెనక బరువెక్కువైతే ట్రక్కు ముక్కు పైకి లేస్తుంది. దాంతో పాటు ట్రాక్టరు వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది. అప్పుడు పెద్ద చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. చక్రాలు తిరుగుతాయి గానీ బండి కదలదు. బ్రేకు వేసినా జారుతుంది.

ముందు బరువు మరీ ఎక్కువైతే ట్రాక్టరు వెనక భాగం కిందికి అణుగుతుంది. ముందు చిన్న చక్రాలు తేలిపోతాయి. స్టీరింగు తిప్పినా బండి తిరగదు.

కాబట్టి బరువైన బస్తాలు అడుగున, చక్రాల మీదుగా వేయాలి. రెండు పక్కలా సమంగా వేయాలి. ఒక్క పిసరు ముందుకు ఉండాలి. బరువు ఎంత ఎత్తున ఉంటే బండి అంత తొందరగా పక్కకు ఒరుగుతుంది. తాడు వేసి బిగించాలి.

బస్తాలు ఎత్తే మనుషులకు ఇది తెలియాలి. ఎక్కించేది మనమే కదా!

దిగుడు, మలుపు, బురద

మన కోస్తాలో దారులన్నీ కట్టల మీదుగానే పోతాయి. చెరువు కట్ట, కాలువ కట్ట, రొయ్యల గుంటల కట్ట. కట్ట మీద వెడల్పు తక్కువ. వానకు అంచులు నానిపోతాయి. పైకి గట్టిగా కనిపిస్తాయి. చక్రం ఎక్కితే విరిగి పడతాయి.

పొద్దున ఏం జరిగింది? ట్రాక్టరు దిగుడులో ఉంది. ట్రక్కు బరువంతా ముందుకు వాలింది. బ్రేకు వేయగానే ట్రాక్టరు చక్రాలు బిగుసుకుని బురదలో జారాయి. ట్రక్కు తోసింది. పిన్ను దగ్గర బండి తలుపు బందు లాగా మడత పడింది. ట్రాక్టరు ఒక వైపు, ట్రక్కు ఇంకో వైపు తిరిగాయి.

"నేను చేసిన తప్పు ఒకటుంది" అన్నాడు డ్రైవరు. "దిగుడు రాకముందే చిన్న గేరు వేయాలి. నేను వేయలేదు. సగం దిగాక బ్రేకు తొక్కాను."

ఎక్కడానికి ఏ గేరు కావాలో, దిగడానికీ అదే గేరు కావాలి. చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. డీజిలు కలిసొస్తుందని కొందరు దిగుడులో గేరు తీసేసి న్యూట్రల్‌లో వదులుతారు. అది ప్రాణం తీసే పొదుపు.

ట్రాక్టరుకు ఎడమ చక్రానికి ఒక బ్రేకు పెడలు, కుడి చక్రానికి ఒక బ్రేకు పెడలు ఉంటాయి. కయ్యలో దున్నేటప్పుడు చిన్న మలుపు తిప్పడానికి విడివిడిగా తొక్కుతారు. రోడ్డు ఎక్కే ముందు రెండు పెడళ్లనూ కొక్కెంతో కలపాలి. కలపకుండా ఒక్కటే తొక్కితే బండి గిర్రున ఒక పక్కకు తిరుగుతుంది.

మలుపులో ట్రాక్టరు పోయిన దారిన ట్రక్కు పోదు. లోపలికి కోసుకుంటూ వస్తుంది. కాబట్టి మలుపు లోపలి పక్కన మనుషులు నిలబడకూడదు. సైకిలు మీద పోయేవాళ్లు ఆగి దారి ఇవ్వాలి.

బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు గొలుసును ట్రాక్టరు వెనక కింద ఉండే కొక్కేనికే తగిలించాలి. పైన ఎక్కడో కట్టి లాగితే ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. రెప్పపాటులో ట్రాక్టరు డ్రైవరు మీదికి తిరగబడుతుంది. కొన్ని ఊళ్లలో పడవలను కూడా ట్రాక్టరుతో ఒడ్డుకు లాగుతారు. లాగే తాడు తెగితే కొరడాలా కొడుతుంది. తాడు దగ్గర ఎవరూ నిలబడకూడదు.

నీళ్ల ట్యాంకరు

సముద్రం దగ్గరి ఊళ్లలో బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఎండాకాలం ట్రాక్టరు ట్యాంకరుతో మంచినీళ్లు తెస్తారు. ట్యాంకరు రాగానే బిందెలతో పరుగెత్తుతాం.

నిండు కుండ తొణకదు అంటారు. ట్యాంకరుకూ ఆ మాట వర్తిస్తుంది. సగం నీళ్లున్న బిందెను నెత్తిన పెట్టుకుని నడిస్తే ఎట్టా ఊగుతుందో మీకు తెలుసు. సగం నీళ్లున్న ట్యాంకరు కూడా అట్టాగే ఊగుతుంది. మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు పోతాయి. బండి ఒరుగుతుంది. కాబట్టి సగం ట్యాంకరును ఇంకా మెల్లగా నడపాలి. బండి పూర్తిగా ఆగేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు.

గడ్డి, తీగలు, చీకటి

వరిగడ్డి తేలిక. అందుకే ఎత్తుగా, వెడల్పుగా వేస్తారు. గడ్డి మోపు కరెంటు తీగకు తగిలితే నిప్పు అంటుకుంటుంది. తీగలు వంగి ఉన్న దారిన గడ్డి ట్రక్కు పోకూడదు. గడ్డి మీద మనిషి కూర్చోకూడదు. వెనక్కి ఎత్తి దింపే ట్రక్కును కూడా తీగల కింద ఎత్తకూడదు. ఎత్తిన ట్రక్కు కిందికి దూరి ఊడ్చే పని చేయకూడదు.

చీకట్లో ట్రక్కు కనిపించదు. మన జిల్లాలో కావలి, నెల్లూరు మీదుగా చెన్నై పోయే పెద్ద రోడ్డు ఉంది. దాని మీద లారీలు, బస్సులు వేగంగా పోతాయి. వెనక లైటు లేని ట్రక్కు దగ్గరికి వచ్చేదాకా వాళ్లకు కనబడదు. కాబట్టి ట్రక్కు వెనక ఎర్ర లైటు వెలగాలి. వెలుగు పడితే మెరిసే ఎర్ర స్టిక్కర్లు అంటించాలి. గడ్డి వాటిని కప్పేయకూడదు. రోడ్డు మీద బండి చెడిపోతే పక్కకు తీసి నిలపాలి.

ట్రక్కు ఎవరి కోసం?

ఇప్పుడు అసలు మాట. ట్రక్కు సామాను కోసం. మనిషి కోసం కాదు. దానికి సీటు లేదు. పట్టుకోవడానికి కమ్మి లేదు. ఒరిగితే మనుషులు కింద, ఇనుము పైన.

2018 జూన్ 24న తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా, వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. పనికి పోతూ పోతూ ప్రాణం పోగొట్టుకున్నారు.

2020 మే 14న మన పక్కనే ఉన్న ప్రకాశం జిల్లాలో, నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర ఇంకో ప్రమాదం జరిగింది. మిరపకాయలు కోసి ఇంటికి వస్తున్నారు. ట్రాక్టరు కరెంటు స్తంభానికి గుద్దుకుంది. తీగలు ట్రక్కు మీద పడ్డాయి. 9 మంది చనిపోయారు.

వాళ్లూ మన లాగే "రోజూ పోయే దారే" అనుకుని ఎక్కారు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సామాను బండిలో మనుషులను ఎక్కించుకుపోకూడదు. ప్రమాదం జరిగితే బీమా డబ్బు రావడం కూడా కష్టం అవుతుంది.

ఒక కేసు సంగతి వినండి. ఇటుక బట్టీ పనికి మట్టి తోలే ట్రక్కు మీద నుంచి ఒక కూలీ పడ్డాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో తీర్పు వచ్చింది. ట్రాక్టరుకు బీమా ఉంది. కానీ అది వ్యవసాయ పనికి చేయించిన బీమా. అందుకని డబ్బు కట్టే బాధ్యత కంపెనీది కాదని కోర్టు చెప్పింది. అయినా అతని పేదరికం చూసి, ముందు కంపెనీ ఇవ్వాలని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని చెప్పింది. ప్రతి కేసులో అట్టాగే చెబుతారని నమ్మకం లేదు.

మేస్త్రమ్మ లెక్క

"మనం 22 మందిమి. మనిషికి 50 కిలోలు అనుకుంటే ఎంత?" అని అడిగింది మేస్త్రమ్మ. ఆమె ఈ మధ్యనే కూడికలు, హెచ్చవేతలు నేర్చుకుంది. పలక మీద రాసింది.

22 × 50 = 1,100 కిలోలు.

"పుట్టి కంటే 250 కిలోలు ఎక్కువ!" అని ఆశ్చర్యపోయింది. "పుట్టి వడ్లు వేస్తే తాడు వేసి బిగిస్తారు. మనల్ని వేస్తే తాడు కూడా లేదు."

అందరూ నవ్వారు. నవ్వు వెంటనే ఆగిపోయింది.

"ట్రక్కు ఎక్కకపోతే ఎట్టా పోవాలి? నాలుగు మైళ్లు నడిస్తే పని మొదలయ్యేసరికి ఎండ నెత్తికెక్కుతుంది" అంది ఒక చిన్న కోడలు. "ఎక్కం అంటే రైతు వేరే ముఠాను పిలుస్తాడు" అంది ఇంకొకామె. ఆ మాట నిజమే. కూలి పోతే పొయ్యి వెలగదు.

చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి మూడు తీర్మానాలు చేశారు.

ఒకటి. ఎకరాకు గుత్త మాట్లాడేటప్పుడే దారి ఖర్చు కూడా మాట్లాడాలి. నారు ట్రక్కులో పోవాలి. మనుషులు ఆటోలో పోవాలి. ఆటోలో కూడా సీట్లకు మించి ఎక్కకూడదు. రెండు మూడు సార్లు తిరగాలి.

రెండు. పక్క ఊరి ముఠాలతో కూడా మాట్లాడాలి. అందరిదీ ఒకే మాట అయితే రైతు ఎవరిని పిలిచినా అదే మాట వింటాడు.

మూడు. తాగిన డ్రైవరు బండి దగ్గరికి పిల్లలను కూడా పోనీయకూడదు. వెంటనే యజమానికి చెప్పాలి.

మూడో మాట దగ్గర పెద్దామె అంది: "మన జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దన్నప్పుడు కూడా మొదట అందరూ నవ్వారంట." 1992లో ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అది కూడా చదువుకునే చోట కూర్చుని మాట్లాడుకోవడంతోనే మొదలైంది.

మరునాడు మేస్త్రమ్మ, ఇంకో ఇద్దరు రైతు దగ్గరికి పోయారు. రైతు మొదట ఒప్పుకోలేదు. "ఇన్నేళ్లూ లేని భయం ఇప్పుడేంది?" అన్నాడు.

"నిన్న తుమ్మచెట్టు లేకపోతే 22 ఇళ్లకు ఏం జవాబు చెబుతావన్నా?" అని అడిగింది మేస్త్రమ్మ.

రైతు కాసేపు మాట్లాడలేదు. ఆటో కిరాయిలో సగం ఇస్తానన్నాడు. మిగతా సగం ముఠా వేసుకోవాలి. మనిషికి కొంచెం పడుతుంది. ఆడవాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే పంటకు గుత్త మాట్లాడేటప్పుడు పూర్తిగా అడగాలని అనుకున్నారు.

ఆ రోజు పని అరగంట ఆలస్యంగా మొదలైంది. ట్రక్కులో నారు కట్టలే పోయాయి. బండి కదిలే ముందు పెద్దామె వంగి పిన్ను చూసింది. క్లిప్పు బదులు పుల్ల ఉంది.

"అబ్బయా, ఇదేంది?" అంది.

డ్రైవరు పుల్ల తీసి పారేశాడు. కొత్త క్లిప్పు తెచ్చేదాకా బండి కదల్లేదు.

గుర్తుపెట్టుకోండి

1. లాగింది కదా అని ఎక్కువ బరువు వేయకూడదు. ఆపగలదా అని చూడాలి.
2. ఎంత బరువు వేయవచ్చో ట్రక్కు ఆర్.సి. పుస్తకంలో రాసి ఉంటుంది.
3. పిన్ను, క్లిప్పు, టైర్లు, వెనక లైటు చూశాకే బండి కదలాలి.
4. దిగుడు రాకముందే చిన్న గేరు వేయాలి. న్యూట్రల్‌లో దిగకూడదు.
5. మడ్‌గార్డు మీద, పిన్ను దగ్గర, బస్తాల మీద ఎవరూ కూర్చోకూడదు.
6. ఇంజను తిరిగేటప్పుడు తిరిగే భాగాల దగ్గరికి పైట, జడ పోనీయకూడదు.
7. ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయాలి. తీగ తెగి పడితే దాన్ని, అది తగిలిన బండిని ముట్టుకోకూడదు. ముందు కరెంటు ఆపించాలి.
8. ట్రాక్టరు నంబరు, ట్రక్కు నంబరు రెండూ రాసుకోవాలి. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, కాపీ తీసుకోవాలి.

చదవండి, రాయండి

ట్రాక్టరుకు ఒక నంబరు, ట్రక్కుకు ఇంకో నంబరు ఉంటాయి. మన జిల్లా పాత బండ్ల నంబరు ఏపీ 26తో మొదలవుతుంది. 2019లో రాష్ట్రమంతటా కొత్త బండ్లకు ఏపీ 39 వచ్చింది. మీ ఊళ్లో తిరిగే ట్రాక్టరు నంబరు చదివి మీ నోటు పుస్తకంలో రాయండి.

లెక్క చేయండి

1. పుట్టి వడ్లు 850 కిలోలు. 3 పుట్లు ఎన్ని కిలోలు?
2. మీ ముఠాలో ఎంతమంది ఉన్నారు? మనిషికి 50 కిలోల చొప్పున మొత్తం బరువు ఎంత? అది పుట్టి కంటే ఎక్కువా, తక్కువా?
3. ట్రాక్టరు ఒక సెకనులో ఒక చీర పొడవు పోతోంది. 4 సెకన్లలో ఎన్ని మీటర్లు పోతుంది? చీర పొడవు ఐదున్నర మీటర్లు అనుకోండి.

మాట్లాడుకోండి

1. దిగుడులో ఎద్దులు ఏం చేస్తాయి? ట్రాక్టరు ఆ పని ఎందుకు చేయలేదు?
2. మీ ఊరి దారిలో ప్రమాదమైన కట్ట, మలుపు, వంగిన కరెంటు తీగ ఎక్కడ ఉన్నాయి? ఎవరికి చెప్పాలి?
3. రైతు సగం కిరాయే ఇస్తానన్నాడు. ముఠా ఒప్పుకోవడం సరైనదేనా? మీరైతే ఏం అడుగుతారు?
4. పనికి పోయే దారి ఖర్చు ఎవరు పెట్టాలి? మీ ముఠాలో అందరూ కూర్చుని మాట్లాడండి. ఏం అనుకున్నారో ఐదు వాక్యాల్లో రాయండి.